యంత్రశాలలో కళాకారుడు – శిక్షణానుభవములపై ఒక పరిశీలన

విశ్వవిద్యాలయములలోను, అకాడమీలలోను, సాంస్కృతిక సంస్థలలోను డిజిటల్ మాధ్యమ శిక్షణ కార్యశాల అను పేర రెండుమూడు దినముల కూటములు నేడు తరచుగా జరుగుచున్నవి. చిత్రకారులు, గాయకులు, బొమ్మలాటవారు, అక్షరశిల్పులు వీనికి ఆహూతులగుచున్నారు. కూటము ముగిసిన పిదప నివేదిక వెలువడును. ఎవరు ప్రారంభించిరి, ఎందరు హాజరైరి, ఎన్ని ప్రశంసాపత్రములు పంచబడెను అను విషయములు అందుండును. వచ్చిన కళాకారునికి అచ్చట ఏమి అనుభవమైనది, అతడు ఎచ్చట తడబడెను, ఏమి ప్రశ్నించెను అను సంగతి మాత్రము సాధారణముగా ఉండదు. జానపద విజ్ఞానమును, లిపిచరిత్రను పరిశోధించు మనవంటివారికి కావలసినది ఆ సంగతియే. కావున ఈ అనుభవమెట్టిదో, అది ఎప్పుడు ఫలించునో కొన్ని ఉదాహరణములతో వివరింపబూనితిమి.

'కార్యశాల' అనునది 'వర్క్‌షాప్' అను ఆంగ్లపదమునకు మనము చేసికొన్న అనువాదము. ఆంగ్లమునందును ఆ పదము మొదట వడ్రంగి, కమ్మరి మొదలగువారు పనిచేయు చోటికే పేరు. కలిసి పనిచేయుచు నేర్చుకొను గోష్ఠి అను అర్థము పిదప వచ్చినది. హార్వర్డు విశ్వవిద్యాలయమున జార్జి పియర్సు బేకరు తన నాటకరచనా తరగతికి అనుబంధముగా ఇరువదవ శతాబ్ది రెండవ దశకమున నెలకొల్పిన '47 వర్క్‌షాప్' ఈ రెండవ అర్థమునకు ప్రసిద్ధమైన ఉదాహరణము. పదము నిలిచినది గాని ఒక ముఖ్యవిషయము మారినది. కొలిమిలో నేర్చుకొనువాడు సుత్తిని, పట్టుకారును చేతబట్టియే పెరుగును. పని వచ్చిన పిదప అవి వానికి దొరకని వస్తువులు కావు. నేటి కార్యశాలలో పనిముట్టు సంస్థది. మూడవనాటి సాయంకాలము గదికి తాళము పడగానే పనిముట్టు లోపలను, నేర్చినవాడు వెలుపలను ఉండును. ఈ భేదము మనము చూడబోవు ప్రతి ఉదాహరణమునందును ఏదో ఒక రూపమున కానవచ్చును.

మన దేశమున ఇట్టి శిక్షణకు మిక్కిలి చెప్పుకోదగిన తొలి ఉదాహరణము అహమ్మదాబాదునందలి జాతీయ డిజైన్ సంస్థలో జరిగినది. ఆ సంస్థ 1961లో స్థాపింపబడినది. 1969వ సంవత్సరము శరత్కాలమున అమెరికా దేశీయుడగు డేవిడ్ ట్యూడర్ అచ్చటికి వచ్చి, ఒక ఎలక్ట్రానిక్ సంగీతశాలను నెలకొల్పి, అందు మోగ్ సింథసైజరు అను వాద్యయంత్రమును అమర్చెను. (మోగ్ అను పేరు తెలుగు చెవికి 'మ్రోగు' ధాతువువలె వినిపించుట కేవలము యాదృచ్ఛికము. అది దానిని నిర్మించిన రాబర్టు మోగ్ అను ఇంజనీరు పేరు.) ట్యూడర్ సుప్రసిద్ధ పియానో వాదకుడు, అంతేగాక యంత్రజ్ఞులతో చేరి పనిచేయుట యెరిగినవాడు. 1966 అక్టోబరు 13 నుండి 23 వరకు న్యూయార్కునందు పదిమంది కళాకారులును, సుమారు ముప్పదిమంది ఇంజనీర్లును కలిసి నడిపిన 'తొమ్మిది సాయంకాలములు' అను ప్రదర్శనోత్సవమున అతడును ఒక కళాకారుడు. ఆ ఉత్సవమునుండియే కళాకారుని ఇంజనీరుతో జతకూర్చు ఒక ఉద్యమసంస్థ అమెరికాలో పుట్టినది. ఒక్కొక్క కళాకారునికి తన సమస్యను వినుటకు ఒక ఇంజనీరు దొరకవలెనని దాని మూలసూత్రము. నలువదిమందిని వరుసలలో కూర్చుండబెట్టి తెరపై బొమ్మలు చూపు మన పద్ధతికిని దీనికిని గల దూరము చదువరులకు తెలియును.

అహమ్మదాబాదున ఈ యంత్రమును చేపట్టినవారిలో గీతా సారాభాయి, ఐ. ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్. సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా ముఖ్యులు. గీతా సారాభాయి పఖవాజ్ వాయించుటయందు ప్రవీణురాలు. 1946 ప్రాంతమున న్యూయార్కునందు జాన్ కేజ్ అను సంగీతకర్తకు భారతీయ సంగీతమును బోధించి, ఆయనవద్ద పాశ్చాత్య సంగీతమును తెలిసికొన్నది. అనగా ఆమె శిక్షణశాలకు శిష్యురాలుగా మాత్రము రాలేదు. సంగీతమనగా ఏమో తన కొక నిశ్చయమున్న మనిషిగా వచ్చినది.

ఆ యంత్రము పనిచేయు విధము కొంచెము తెలిసినగాని ఆ సంగీతజ్ఞుల అనుభవము బోధపడదు. మోగ్ యంత్రమున నాదము విద్యుత్తుచే పుట్టును. ఆ నాదమును శాసించునది వోల్టేజి. ఒక వోల్టు పెంచినచో శ్రుతి ఒక స్థాయి పైకి పోవును. కీబోర్డు ఆ వోల్టును పండ్రెండు సమభాగములు చేయును. అది పాశ్చాత్య పద్ధతి. కాని కీబోర్డును విడిచి మరను చేతితో త్రిప్పినచో మెట్లు మాయమై జారుడు మాత్రము మిగులును. ఏ రెండు స్వరముల నడుమనైనను ఎచ్చటనైనను నిలువవచ్చును. పండ్రెండు మెట్ల వాద్యములపై చిరకాలముగా మనవారికి గల ఆక్షేపము ఈ యంత్రమునకు వర్తింపదు. ఐతే చిక్కు మరియొకచోట నున్నది. నాదము యొక్క శ్రుతి ఒక పెట్టెలోను, దాని వన్నె మరియొక పెట్టెలోను, బిగ్గరతనము వేరొక పెట్టెలోను ఉండును. వీనిని తీగలతో కలుపుకొనవలెను. గాయకుడు గమకము పలుకునప్పుడు ఈ మూడును గొంతులో ఒక్కటిగా కదలును. అవి మూడు అని అతనికి తోచనే తోచదు. యంత్రము ముందు కూర్చున్న గాయకుడు తన గమకమును మూడు ముక్కలు చేసి, మూడు మరలకు పంచి, మరల ఒక్కటిగా కూర్చుకొనవలసివచ్చును. ఈ విడదీయుటయే అతనికి అచ్చట లభించు అసలైన పాఠమని మా యభిప్రాయము. తీగలను ఎచ్చట గ్రుచ్చవలెనో వారములో నేర్చుకొనవచ్చును. తన కంఠము ఇంతకాలము ఏమి చేయుచున్నదో తెలిసికొనుట వేరు.

ఆ యంత్రమునకు జ్ఞాపకశక్తి లేదు. తీగలు పెరికినచో ఆ నాదము మరల దొరకదు. అందుచే చేసినదంతయు టేపుపైకి ఎక్కింపవలసినదే. 1969 నుండి 1972 వరకు అట్లు టేపులు నిండినవి. 1970నాటి ఒసాకా ప్రపంచప్రదర్శనకై అతుల్ దేశాయి కూర్చిన ధ్వనులు వానిలో ఉన్నవి. పిదప ఆ శాల మూగవోయినది. టేపులు సంస్థ భాండారమున పడియుండెను. 2017లో పాల్ పర్గస్ అను బ్రిటిషు సంగీతకళాకారుడు వానిని గుర్తించెను. 2023లో వానినుండి ఎన్నిన భాగములు ప్రచురింపబడెను. నడుమ అర్ధశతాబ్దికి మించిన కాలము గడచిపోయినది. ఈ మధ్యకాలమున దేశమున ఎలక్ట్రానిక్ సంగీతము నేర్చుకొన్నవారు తమకు పూర్వులున్నారని యెరుగక, మొదటినుండి మొదలుపెట్టిరి. టేపులు దొరకినవి గనుక సంగీతము తెలిసినది. ఆ శిక్షణలో ప్రతిదినము ఎవరేమి అడిగిరో, ఎవరెచ్చట విసిగిరో వ్రాసియుంచిన దినచర్య యొకటి ఉండినచో ఆ సంగీతముతోపాటు ఆ అభ్యాసమును కూడ మనము చదివియుందుము.

అదే 1969లో బొంబాయియందు అక్బర్ పదమ్‌సీ అను చిత్రకారుడు తనకు లభించిన జవాహర్‌లాల్ నెహ్రూ ఫెలోషిప్ ధనముతో 'విజన్ ఎక్స్ఛేంజ్ వర్క్‌షాప్' అను పేర ఒక పనిశాలను తెరచెను. చిత్రకారులు, ఛాయాగ్రాహకులు, చలనచిత్రకారులు అచ్చట ఒకరి పనిముట్టును మరొకరు పట్టిచూచిరి. పదమ్‌సీ స్వయముగా 'సిజిజీ' అను పదునొకండు నిమిషముల మూకచిత్రమును తీసెను. అంకెల నియమముననుసరించి గీయబడిన సుమారు వేయి రేఖాచిత్రములను రామ్ మోహన్ సహాయమున కదలించిన కృతి అది. కంప్యూటరు లేకయే కంప్యూటరువలె ఆలోచించిన చిత్రకారుని పని అని దానిని చెప్పవచ్చును. ఆయన తీసిన రెండవ చిత్రపు ప్రతి నష్టమైపోయినది.

ఆ శాలలో చేరిన వారిలో నళినీ మలానీ చిన్నది. ఆమె 1946లో జన్మించినది, జె. జె. కళాశాలలో చిత్రకళ అభ్యసించినది. అచ్చట కెమేరా లేకుండ కాంతితోనే కాగితముపై ఛాయలు పట్టుటయు, ఒక్కొక్క చట్రముగా చలనచిత్రము కూర్చుటయు ఆమెకు అలవడినది. 'డ్రీమ్ హౌసెస్' అను చిన్నచిత్రము 1969లోనిది. కొన్నియేండ్లకు దానిని మరియొక చిత్రముతో జతచేసి, రెండు తెరలపై ప్రక్కప్రక్కనే చూపు 'యుటోపియా' అను కృతిని నిర్మించినది. ఇరువదిమూడేండ్ల వయసున చేతికందిన కెమేరా ఆమె జీవితమంతయు పనిచేసినది. పారదర్శకమైన స్తంభాకృతులపై బొమ్మలు వ్రాసి, వానిని త్రిప్పుచు, గోడలపై నీడలు నడిపించు ఆమె తరువాతి కృతులను చూచు తెలుగువానికి తోలుబొమ్మలాట స్ఫురింపక మానదు. ఆ శాల మూడేండ్లే నడచినది. ఐనను ఆ మూడేండ్లును ద్వారము తెరచియే యుండెను, యంత్రము చేతికందుచునే యుండెను. మూడేండ్లకును మూడుదినములకును గల అంతరము ఇచ్చట తేటపడుచున్నది.

పనిముట్టు నిరంతరము చెంతనున్నచో ఏమగునో హెరాల్డ్ కోహెన్ చరిత్ర చెప్పును. ఇతడు 1966లో వెనీసు ద్వైవార్షిక ప్రదర్శనయందు బ్రిటనుకు ప్రాతినిధ్యము వహించిన చిత్రకారుడు. 1968లో ఒక సంవత్సరమునకని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు వచ్చి, ఒక విద్యార్థివద్ద కంప్యూటరుకు ఆదేశములు వ్రాయుట నేర్చెను. అప్పటికి ఆయనకు నలువదియేండ్లు. పేరుపొందిన ఆచార్యుడు విద్యార్థి ప్రక్కన శిష్యుడై కూర్చుండుట మన విభాగములలో ఎన్నడైన జరుగునా యని మా కొక సందేహము. ఆయన యంత్రముచే బొమ్మలు గీయింపవలెనని మొదలిడగా, బొమ్మ గీయుట యనగా ఏమో యంత్రమునకు చెప్పవలసివచ్చినది. చెప్పబోగా అది తనకే తెలియదని తేలినది. ఎన్ని గీతలు, ఎట్టి గీతలు చేరినచో చూపరికి అది 'బొమ్మ'గా తోచును? ఈ యొక్క ప్రశ్నను పట్టుకొని ఆయన 'ఆరన్' అను కార్యక్రమమును 2016లో మరణించువరకు పెంచుచు వచ్చెను.

ఇక మాకు ప్రత్యక్షముగా తెలిసిన యొక అనుభవము. కొన్నియేండ్ల క్రిందట తెలుగు అక్షరరూపకల్పనపై జరిగిన మూడుదినముల శిక్షణకు మేము పరిశీలకులముగా పోయితిమి. నిర్వాహకుల పేరు ఇచ్చట అనవసరము. వచ్చినవారిలో పలువురు దుకాణముల బోర్డులు వ్రాసి జీవించినవారు. ఫ్లెక్సీ వచ్చిన పిదప వారి కుంచెకు పని తగ్గిపోయినదన్న సంగతి అందరెరిగినదే. వారికి కంప్యూటరు చూపి, ఇకమీదట అక్షరమును ఇందులో చేయుడని చెప్పుట ఆ శిక్షణ ఉద్దేశము. ఉద్దేశము మంచిదే.

కంప్యూటరున తెలుగు నిలుచు విధమును గూర్చి ఇచ్చట రెండు మాటలు. యూనికోడ్ పట్టిక 1991నాటి తొలి కూర్పునుండియు తెలుగునకు స్థానమిచ్చినది. అందు ప్రతి అచ్చునకు, హల్లునకు, గుణింతపు గుర్తునకు ఒక్కొక్క సంఖ్య కలదు. ఒత్తులకు ప్రత్యేకసంఖ్యలు లేవు. 'స్త్రీ' అను నొక్క అక్షరము యంత్రమున ఆరు సంఖ్యల వరుస: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, దీర్ఘపు గుడి. ఈ ఆరింటిని ఒక్క ఆకృతిగా పేర్చుట ఫాంటులోని నియమముల పని. అందుచే ఫాంటు చేయువాడు తలకట్టుతో కకారమును, తలకట్టు లేని కకారమును వేరువేరుగా గీయవలెను. ఏలయన 'కి', 'కె', 'కొ' అనుచోట్ల తలకట్టు తొలగి గుణింతపు గుర్తు ఆ స్థానమున నిలుచును. 'కు', 'కూ', 'కృ' అనుచోట్ల తలకట్టు ఉండనే ఉండును. వ్యాకరణము చదివినవారమైన మనలో ఎందరమీ సంగతిని ఇంత స్పష్టముగా గమనించితిమో చెప్పలేము.

శిక్షకుడు యువకుడు, నేర్పరి. పని తేలికయగుటకై ఒక తలకట్టును గీసి, దానినే అన్ని హల్లులపైకిని ఎక్కించి చూపెను. ముందువరుసలోని ఒక పెద్దవయసు పెయింటరు లేచి ఇట్లనెను: "బాబూ, తలకట్టు ఏ అక్షరానిది ఆ అక్షరానికే. 'క' మీది తలకట్టు తెచ్చి 'ప' మీద పెడితే అది 'ప' కాదు, అరువు టోపీ పెట్టుకున్న మనిషి." అందరును నవ్విరి. శిక్షకుడును నవ్వి, తరువాతి పాఠమునకు పోయెను. ఆ మూడుదినములలో అంతకంటె విలువైన మాట మరియొకటి పలుకబడలేదని మా నిశ్చయము. కుంచెతో వ్రాయువానికి తలకట్టు అక్షరమునకు కొనసాగింపు. క్రిందిరేఖ ఎంత వేగముతో, ఏ వాలుతో పైకి వచ్చినదో దానినిబట్టి తలకట్టు మలుపు ఏర్పడును. ముద్రణలోను, యంత్రములోను అది విడిభాగమైనది. కుంచెలిపికిని అచ్చులిపికిని గల ఈ భేదము ఒక పరిశోధనవ్యాసమునకు చాలిన విషయము.

మధ్యాహ్నభోజనవేళ మేము ఆయన ప్రక్కన కూర్చుండి, తలకట్టు లేని హల్లులెన్ని యని అడిగితిమి. ముప్పదియేండ్లకు పైగా ఒక్కటైన తప్పక వ్రాసిన ఆయన వెంటనే చెప్పలేకపోయెను. చూపుడువ్రేలితో గాలిలో ఒక్కొక్క అక్షరము వ్రాసికొనుచు, "ఖ, జ, ట, ణ, బ, ల... ఆరు సార్" అనెను. ఙ, ఞ, ఱ లను జ్ఞప్తిచేయగా, "అవి బోర్డు ఎక్కవు గదా సార్" అనెను. వ్రేలు చెప్పనిదే నోరు చెప్పలేకపోవుట గమనింపదగినది.

ఈ విషయమునే వేరొక రంగమున శాస్త్రీయముగా పరిశీలించినవారున్నారు. తాంబరమునందలి మద్రాసు క్రైస్తవ కళాశాలలో గిఫ్ట్ శిరోమణి, రాణీ శిరోమణి, కమలా కృతివాసన్ అనువారు చుక్కలముగ్గులను తీసికొని, వాని నిర్మాణమును గణితవ్యాకరణములుగా వివరించుచు 1974లో ఒక వ్యాసమును ప్రకటించిరి. కంప్యూటరు బొమ్మలకు వ్యాకరణము కావలసివచ్చినప్పుడు వారు వాకిటిముగ్గును చూచిరి. ముగ్గువేయు స్త్రీలు ఆకృతిని జ్ఞప్తియందుంచుకొను తీరును, చేతికదలికలను గూడ పిదప పరిశీలించిరి. ఇచ్చట శిక్షణ తలక్రిందులైనది. యంత్రము తెలిసినవారు శిష్యులైరి; ముగ్గు తెలిసినవారు గురువులైరి. మన కార్యశాలలలో ఒక పూటయైన ఈ విధముగా నడపినచో ఏమి లభించునో ఎవరును పరీక్షించి చూచినట్లు మాకు కానరాలేదు.

ఆ అక్షరశిక్షణ మూడవనాడు ముగిసినది. ప్రశంసాపత్రములు పంచిరి, ఛాయాచిత్రము తీసిరి. కంప్యూటర్లు ఆ గదిలోనే ఉండిపోయెను. నేర్పిన సాధనము వెలపెట్టి కొనవలసినది. దాని సూచనలన్నియు ఆంగ్లమున నున్నవి. ఫాంట్‌ఫోర్జి వంటి ఉచిత సాధనము కలదని ఎవరును వారికి చెప్పలేదు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ అను పేర్లతో తెలుగు ఫాంటులు ఎవరికైన ఉచితముగా లభించుచున్నవనియు, వానిని తెరచి లోపలి కూర్పును పరీక్షింపవచ్చుననియు చెప్పలేదు. ఆ ఫాంటులను మేము మా ఫోనులో చూపగా ఆ పెయింటరు ధూర్జటిని చాలసేపు చూచి, "బరువు బాగుంది, ఒత్తులకి చోటు చాల్లేదు" అనెను. బోర్డుపై చోటు చాలనిచో తాను ఒత్తును కొంచెము ప్రక్కకు జరిపి, పైయక్షరమును సన్నగించెదననియు, యంత్రమునకు ఆ తెలివి ఎవరు చెప్పుదురనియు అడిగెను. ఈ ప్రశ్న నివేదికలో లేదు. ఆ నివేదికను మేము చదివితిమి.

అప్పటినుండి వీలైనప్పుడెల్ల ఒక వ్రాతపుస్తకమును తీసికొని ఆయన ఇంటికి పోవుచున్నాము. ఒక్కొక్క అక్షరమును ఆయన కుంచెతో వ్రాయుచుండగా, ఏ రేఖ ముందు, ఏ రేఖ పిదప, కుంచె ఎచ్చట ఎత్తబడుచున్నది, ఎచ్చట త్రిప్పబడుచున్నది అను సంగతులు గుర్తించుచున్నాము. మొదటిదినము ఆయన తనంతతానే ఒక అట్టముక్కపై ఙ, ఞ, ఱ లను వ్రాసెను. ఱకారమును మూడుమార్లు వ్రాసి, మూడింటిలో ఏది సరియైనదని మమ్ము అడిగెను.